మా ఊరి గుడికి స్వాతంత్ర్యం కావాలట!

ఈ టపా రాయాలా వద్దా అని నెల రోజుల నుంచి ఊగిసలాడుతున్నాను. మతం గురించి రాస్తే రెండు వైపుల నుంచీ అక్షింతలు పడతాయని తెలుసు. కానీ ఇది మతం గురించి కంటే డబ్బు గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే మనలాంటి ఐటీ కుర్రాళ్ళ డబ్బు గురించి. కాబట్టి మిగతావాళ్ళకి కూడా పనికొస్తుందేమో అని రాసేస్తున్నా.

మాది పల్నాడు. 2022 దాకా గుంటూరు జిల్లా అని చెప్పుకునేవాళ్ళం, ఇప్పుడు పల్నాడు జిల్లానే అయింది. ఊళ్ళో మా పేటంతా లూథరన్లు. (చర్చి అనం, గుడి అనే అంటాం. హైదరాబాదులో ఫ్రెండ్స్ ముందు "ఆదివారం గుడికెళ్ళాలి" అంటే వింతగా చూసేవాళ్ళు.) మాదొక పారిష్. పారిష్ అంటే ఒక ఊరు కాదండీ, అయిదు ఊళ్ళ సంఘాలు కలిసి ఒక పాస్టరుగారు. మా ఊళ్ళో 120 కుటుంబాలు, మిగతా నాలుగూళ్ళలో 60, 45, 30, 18. పాస్టరుగారి జీతం, పెట్రోలు, ఇంటి ఖర్చు అన్నీ కలిపి నెలకు దాదాపు 20 వేలు. అందులో మా ఊరి వాటా 11 వేలు, మిగతా నాలుగూళ్ళది కలిపి 9 వేలు.

మా పెదనాన్నగారబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. మా వాట్సాప్ గ్రూపులో పోయిన క్రిస్మస్‌కి ముందు ఆయన ఒక ఎక్సెల్ షీటు పెట్టాడు (అన్నయ్య ఏదైనా ఎక్సెల్‌లోనే ఆలోచిస్తాడు). సారాంశం ఏంటంటే.. అయ్యగారు ఆదివారానికి రెండు ఆరాధనలు చేస్తారు, అంటే నెలకు ఎనిమిది. అందులో మనకు వచ్చేవి రెండు. మనం ఇచ్చేది యాభై అయిదు శాతం, మనకు అందేది ఇరవై అయిదు శాతం. ఇదేం న్యాయం తమ్ముడూ? మన ఊరి నుంచి ఐటీలో ఎనిమిది మందిమి ఉన్నాం, తలా నాలుగు వేలు వేసుకుంటే 32 వేలు. మనకంటూ ఒక పాస్టరుగారిని పెట్టుకుందాం, ప్రతి ఆదివారం ఆరాధన, పిల్లలకు కీబోర్డు క్లాసులు, యూట్యూబ్ లైవ్. పారిష్ నుంచి బయటికొచ్చేద్దాం. సినడ్ కేసి, హెడ్డాఫీసు కేసి చూడటం అనవసరం.

గ్రూపులో వరసగా బొటనవేళ్ళు. నేను కూడా ఒకటి పెట్టాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ లెక్క చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

తర్వాత ఊరెళ్ళాను.

డిసెంబర్ 23న అయ్యగారు "బాబూ, ఖాళీగా ఉంటే వస్తావా, సంస్కారం ఇచ్చి రావాలి" అని బండి ఎక్కించుకుని 18 గడపల ఊరికి తీసుకెళ్ళారు. పేరుకు ఊరు గానీ మెయిన్ రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు మట్టి దారి, రెండు పక్కలా మిర్చి చేలు. గుడి అంటే ఒక గది, రేకుల కప్పు, గోడ మీద సున్నంతో సిలువ. అక్కడ మంచం పట్టిన ఒక ముసలావిడకి ప్రభు భోజనం ఇవ్వడానికి వెళ్ళాం. అయ్యగారు తెల్ల అంగీ బ్యాగులోంచి తీసి వేసుకుని, చిన్న డబ్బాలోంచి రొట్టె, సీసాలోంచి ద్రాక్షరసం తీసి, పూర్తి క్రమం ప్రకారం, ఒక్క మాట తగ్గించకుండా చదివారు. ఎదురుగా ఉన్నది ఒక ముసలావిడ, ఆవిడ కోడలు, నేను. నేనైతే షార్ట్ చేసేవాణ్ణి! ఆవిడ పళ్ళు లేని నోటితో పరలోక ప్రార్థన మొత్తం మాతో పాటు చెప్పింది. తిరిగొస్తుంటే ఆయన బండి మీద చెప్పిన మాట - "ఈ ఊళ్ళో ఎవరైనా పోతే కబురొచ్చిన గంటన్నరలో నేనిక్కడ ఉండాలి. ఎండాకాలం శవాన్ని ఆపలేరు కదా."

ఆ ఊరు మా నాయనమ్మ పుట్టిల్లు. ఇంటికొచ్చాక ఆవిడకి అన్నయ్య ప్లాన్ చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "మా ఊళ్ళో గుడి కట్టక ముందు ఆదివారం పూట మేం మీ ఊరికే నడిచొచ్చే వాళ్ళం. అప్పుడు చాప పరిచి కూర్చోబెట్టారు. ఇప్పుడు బరువయ్యామా నాయనా?" అంది. అంతే. లేచి కోళ్ళని గూట్లో పెట్టడానికి వెళ్ళిపోయింది.

నేను మళ్ళీ ఎక్సెల్ తెరిచాను. అన్నయ్య షీటులో ఒక కాలమ్ లేదు. మనం బయటికొచ్చేస్తే మిగతా నాలుగూళ్ళ 153 కుటుంబాలు 20 వేలూ మొయ్యాలి. ఇప్పుడు కుటుంబానికి నెలకు దాదాపు 59 రూపాయలు పడుతోంది, అది 130 అవుతుంది. రెట్టింపు కన్నా ఎక్కువ. కూలికెళ్ళే ఇళ్ళవి. ఇవ్వలేరు. ఇవ్వలేకపోతే పాస్టరుగారు ఉండరు, లేదా ఇంకో నాలుగూళ్ళు కలిపి ఒకాయనకే అప్పగిస్తారు. అప్పుడు ఆ గంటన్నర కాస్తా సాయంత్రం దాకా పోతుంది. మనం "నష్టం" అనుకున్నదంతా ఎక్కడికి పోతోందంటే.. అక్కడికి.

మన భాషలో చెప్తే, సినడ్, పారిష్ అనేవి ఫీచర్లు ఇచ్చే టీమ్ కాదు, ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్. అన్నీ సరిగ్గా నడుస్తున్నంత కాలం "వీళ్ళెందుకసలు?" అనిపిస్తుంది.

సరే, చరిత్ర కొంచెం చూద్దాం. ఇది కూడా ఈ క్రిస్మస్ సెలవుల్లోనే తిరగేశాను. మా ప్రాంతానికి లూథరన్ మిషన్ వచ్చింది 1842 జులై 31న. ఆ రోజు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే అమెరికా పాస్టరు గుంటూరులో దిగాడు. పుట్టింది జర్మనీ, అప్పటికే వయసు 49. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ చోటిచ్చాడు. కొన్నాళ్ళకి ఆరోగ్యం చెడి వెనక్కెళ్ళి, బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చి, 1849లో మా పల్నాడులో గురజాలకి మకాం మార్చాడు. అవతల రాజమండ్రిలో 1845లో ఉత్తర జర్మనీ మిషన్ వాళ్ళు మొదలుపెట్టారు, నడపలేక కొన్నేళ్ళకే గుంటూరులో ఉన్న అమెరికా వాళ్ళకి అప్పగించేశారు.

అసలు కథ ఆ తర్వాత. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది, 1861 నుంచి 65 దాకా. మనుషులూ లేరు, డబ్బులూ లేవు. యుద్ధం అయ్యాక అక్కడి లూథరన్లు వాళ్ళలో వాళ్ళే రెండుగా చీలిపోయారు, 1867లో జనరల్ కౌన్సిల్ అని వేరు కుంపటి. ఇక రాజమండ్రిని మోయడం మా వల్ల కాదు, ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దాం అని దాదాపు ఖాయం చేసుకున్నారు. 1869లో పెన్సిల్వేనియాలోని రెడింగ్ ఊళ్ళో జరిగిన సభలో రిటైరై ఉండాల్సిన ఈ హయ్యర్ లేచి, ఇవ్వొద్దు, ఎవరూ పోకపోతే నేనే పోతానన్నాడు. 76 ఏళ్ళ వయసులో, ఆ ఏడాది చివర్లో మూడోసారి వచ్చి రాజమండ్రిలో దిగాడు. దాదాపు ఏడాది ఉండి, పని వేరేవాళ్ళకు అప్పజెప్పి వెళ్ళిపోయాడు. 1873లో చనిపోయాడు.

ఈ కథ మా సండే స్కూల్లో వీరగాథ లాగా చెప్పేవాళ్ళు. నాకిప్పుడు వేరేగా వినిపిస్తోంది. అక్కడి పెద్దలు దుర్మార్గులేం కాదు. వాళ్ళ ఎక్సెల్ షీటు కూడా కరెక్టే. పెడుతున్నది ఎంత, వస్తున్నది ఎంత అని చూస్తే రాజమండ్రిని వదిలెయ్యడమే సరైన లెక్క. అన్నయ్య చెప్పేదీ, 1869లో వాళ్ళనుకున్నదీ ఒకటే మాట. స్కేలు తేడా, అంతే.

అమెరికాలో ఆ చీలిక 1918లో మళ్ళీ అతుక్కుంది. ఇక్కడ గుంటూరు, రాజమండ్రి కలిసి 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది, మనం ఏ.ఇ.ఎల్.సి. అంటాం. (చిత్తూరు, నెల్లూరు వైపు సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి వేరు, దాని మూలాలు జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్‌లో ఉన్నాయి. తిరుపతి ఫ్రెండ్స్ అలగకుండా ఈ బ్రాకెట్టు.) మిషన్ కాలంలోనే 1885లో గుంటూరులో కాలేజీ మొదలైంది, ఇప్పటి ఏ.సి. కాలేజీ. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచింది. ఇవన్నీ అందరికీ తెలిసినవే, కళ్ళకు కనిపించేవి. కనిపించనిది ఆ సంస్థ చేసిన ఇంకో పని - డెల్టా ఊళ్ళని, మెట్ట ఊళ్ళని ఒకే గొడుగు కిందికి తేవడం.

ఇది ఎందుకు ముఖ్యమో మా ఊళ్ళో కూర్చుంటేనే అర్థమవుతుంది. మాకు కోత పండుగ అని ఒకటుంటుంది. పంట వచ్చినప్పుడు తొలి భాగం గుడికి తెస్తారు. కోడి, గుమ్మడికాయ, మిర్చి బస్తా, ఏదైనా సరే వేలం వేసి సంఘం లెక్కలో కలుపుతారు. మా నాయనమ్మ తరం ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం పక్కన తీసి పెట్టేవారు, వారం తిరిగేసరికి డబ్బా నిండేది, అదీ గుడికే. అంటే మా సంఘం ఆదాయం మిర్చి రేటు మీద ఆధారపడింది. 2025లో గుంటూరు యార్డులో మిర్చి ధర ఎలా పడిపోయిందో పేపర్లలో చూశారుగా. ఆ ఏడు మా పారిష్‌లో అయిదూళ్ళూ ఒకేసారి చతికిలబడ్డాయి, ఎందుకంటే అయిదూళ్ళలోనూ అదే పంట. ఒకే డేటా సెంటర్లో అయిదు బ్యాకప్‌లు పెట్టుకున్నట్టు. గోదావరి వరి రైతుకు ఆ ఏడు ఆ దెబ్బ తగల్లేదు. గోదావరికి తుఫాను వచ్చిన ఏడు మాకు తగలకపోవచ్చు. పారిష్ కన్నా పెద్దది, ఒక ప్రాంతం అంతా పరుచుకున్నది, ఒకటి ఉండటం వల్ల వచ్చే లాభం ఇదే. అది నిజంగా అలా పని చేయాలంటే డబ్బు కింది నుంచి పైకి వెళ్ళి, పై నుంచి అవసరమైన చోటికి దిగాలి. ఇక్కడే అన్నయ్య అసలు ప్రశ్న మొదలవుతుంది.

"పైకి వెళ్ళింది కిందికి దిగుతోందా?"

ఈ ప్రశ్నని నేను కొట్టిపారెయ్యను. మిషన్ వాళ్ళు వదిలివెళ్ళిన స్థలాలు ఇప్పుడు పట్టణాల నడిబొడ్డున ఉన్నాయి. పదవుల ఎన్నికలు, ఆస్తుల తగాదాలు కోర్టుల దాకా వెళ్ళాయి, పేపర్లకెక్కాయి. ఇది దాచిపెట్టే విషయం కాదు. ఊళ్ళో ముసలమ్మ గుప్పెడు బియ్యం తీసి పెట్టే సంస్థలో లాయరు ఫీజులు కూడా ఖర్చు కింద ఉంటాయంటే మండుతుంది. నాకూ మండుతుంది. కానీ దానికి మందు పారిష్‌ని పగలగొట్టడమా? సర్వరు స్లోగా ఉందని మా ఇంటి లాప్‌టాప్‌లో డేటాబేస్ పెట్టుకుంటే అది పరిష్కారం కాదు కదా. అంతగా కావాలంటే అడగాల్సింది ఒకటే. ఏ ఊరి నుంచి ఎంత వచ్చింది, ఎవరికి ఎంత వెళ్ళింది - ఒక్క కాగితం, ప్రతి మూడు నెలలకీ, ప్రతి గుడి తలుపు మీద. మన ఎనిమిది మందికీ కలిపి ఉన్న తెలివితేటలకి ఆ కాగితం తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒక వీకెండ్ పని. అది చేస్తామని ఎవరూ అనలేదు గ్రూపులో. యూట్యూబ్ లైవ్‌కి మాత్రం కెమెరా మోడల్ కూడా ఫిక్సయిపోయింది.

రెండేళ్ళ క్రితం నేను ఒహాయోలో ఆన్‌సైట్ ఉన్నప్పుడు అక్కడి లూథరన్ గుడికి వెళ్ళేవాణ్ణి, ఇ.ఎల్.సి.ఎ. వాళ్ళది. 1988లో మొదలైన ఆ సంస్థలో 65 సినడ్‌లు. అక్కడ పద్ధతి మనకు ఉల్టా. గుడి స్థలం సాధారణంగా స్థానిక సంఘానిదే. పాస్టరుని పిలుచుకునేదీ, జీతమిచ్చేదీ సంఘమే. సినడ్ బిషప్ పేర్లు సూచిస్తాడు, జీతం కనీసం ఇంత ఉండాలని గైడ్‌లైన్స్ ఇస్తారు, సంఘాలు తమ కానుకల్లో కొంత భాగం సినడ్‌కి పంపుతాయి, సినడ్ అందులో కొంత దేశస్థాయికి పంపుతుంది. అంటే అన్నయ్య అడిగే స్వాతంత్ర్యం అక్కడ ఉంది. అయినా పల్లెటూళ్ళలో చూస్తే రెండు మూడు గుళ్ళు కలిసి ఒక పాస్టరుని పంచుకోవడమే! డబ్బున్న దేశంలో, స్వాతంత్ర్యం ఉన్న సంఘాలు కూడా చివరికి మా పారిష్ లాంటి దాని దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి.

ఇంకో సంగతి. అక్కడ ఒక సంఘం బయటికి పోవాలనుకుంటే వాట్సాప్‌లో బొటనవేళ్ళు చాలవు. ఒకసారి మూడింట రెండు వంతుల ఓటు, బిషప్‌తో సంప్రదింపులు, కనీసం 90 రోజులు ఆగి, మళ్ళీ మూడింట రెండు వంతుల ఓటు. 2009లో స్వలింగ సంబంధాల్లో ఉన్నవాళ్ళు పాస్టర్లు కావచ్చని తీర్మానించాక వందల సంఘాలు ఈ దారిలోనే బయటికెళ్ళాయి. వెళ్ళడం సబబా కాదా అన్నది నా సబ్జెక్టు కాదు. ఆ 90 రోజులు నాకు నచ్చాయి. కోపం చల్లారడానికి, ఎక్సెల్‌లో లేని కాలమ్ గుర్తు రావడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. నాకు పట్టింది పది రోజులు, అదీ అయ్యగారి బండెక్కితే.

ఇప్పుడు మన ఐటీ డబ్బు సంగతి. దీని మీద నాకు నమ్మకం తక్కువ, నా జీతంతో సహా. 2025 సెప్టెంబర్లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అన్న వార్త వచ్చిన రోజు మా గ్రూపులో ఒక్కడు కూడా గుడి గురించి మాట్లాడలేదు. ఎనిమిది మందిలో ఇద్దరు లేఆఫ్ చూసినవాళ్ళు. ఎనిమిది మంది మీద ఆధారపడ్డ పాస్టరుగారికీ, 273 కుటుంబాల మీద ఆధారపడ్డ పాస్టరుగారికీ తేడా లేదా? పైగా మనం పెట్టుకున్న పాస్టరుగారు మనకి ఉద్యోగి అవుతారు. తాగి వచ్చిన మా బాబాయికి అయ్యగారు గుడి ముందు నిలబెట్టి గడ్డి పెట్టగలిగారంటే, ఆయన జీతం మా బాబాయి కొడుకు చేతిలో లేదు కాబట్టే. ఆయన్ని పంపింది వేరే ఎవరో, కదిలించాల్సిందీ వాళ్ళే. ఆ దూరం అవసరం.

చట్టం సంగతి కూడా చాలామందికి తెలీదు, అందుకని చెప్తున్నా. విదేశాల్లో ఉన్నా ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాడు తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్న మర్నాడు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. పుచ్చుకునే సంస్థకి ఎఫ్.సి.ఆర్.ఎ. అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి, వచ్చిన సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. 120 కుటుంబాల గుడికి ఇదంతా ఎక్కడి నుంచి వస్తుంది? అన్నయ్యకి గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్ళయింది. ఆయన సిటిజన్ అయ్యే రోజుకి ఆయన ప్లాన్‌లో నాలుగు వేలు ఎగిరిపోతాయి. ("నాన్న అకౌంట్లో వేస్తే పోలే" అంటారా.. అది మీ ఆడిటర్‌ని అడగండి, నన్ను కాదు.)

మా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. నాలుగేళ్ళ క్రితం ఇదే ఎనిమిది మందిమి గుడికి ముందు గోపురం కట్టించాం. గంట, గ్రానైటు, లైటింగు. రాతి పలక మీద మా పేర్లు. ఆ ఏడు మా ఊరి పారిష్ వాటా అయిదు నెలలు బకాయి పడింది. రిబ్బన్ కట్ చేసిన పాస్టరుగారికే జీతం సరిగ్గా అందలేదు. గోపురానికిస్తే పేరు ఉంటుంది, పెట్రోలుకిస్తే ఉండదు, అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. ఆయన ఆ రోజు మా పేర్లు చదివి మా కోసం ప్రార్థన కూడా చేశారు.

సంకురాత్రి అయ్యాక సంఘం మీటింగు పెట్టారు. అన్నయ్య వీడియో కాల్‌లో మాట్లాడాడు, నేను కూడా ఇక్కణ్ణించి కాల్‌లోనే. నేను చెప్పింది ఇది: నా నాలుగు వేలు విడి పాస్టరుకి కాదు, పారిష్ ఫండుకి ఇస్తాను, పేరు రాయక్కర్లేదు, తలుపు మీద లెక్కల కాగితం మాత్రం కావాలి. అన్నయ్య "నువ్వు ఎమోషనల్ అయ్యావు తమ్ముడూ" అన్నాడు. అయ్యుండొచ్చు. ఇద్దరు నా వైపు వచ్చారు, ఒకడు మ్యూట్‌లో ఉండిపోయాడు, మిగిలినవాళ్ళు అన్నయ్య వైపే. పెద్దలు ఏమీ తేల్చకుండా ఈస్టరు తర్వాత చూద్దాం అన్నారు.

ఒక రకంగా మాకూ 90 రోజులు దొరికినట్టే. లెక్కల కాగితం మొదటి వెర్షన్ నిన్న రాత్రి పూర్తి చేసి అయ్యగారికి పంపాను. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, ముసలోళ్ళకి కనపడవు, పెద్దవి చెయ్యి బాబూ అని ఫోన్ చేశారు. చేస్తున్నా.